గడప వద్ద అంకెల పరీక్ష

విత్తొకటి వేసిన చెట్టొకటి మొలవదని మన పెద్దలు చెప్పుదురు. లెక్కలు చేయు యంత్రములకును ఈ మాట వర్తించును. పందొమ్మిదవ శతాబ్దిలో ఇంగ్లండు దేశమున చార్లెస్ బాబేజ్ అను గణితజ్ఞుడు అట్టి యంత్రమును నిర్మింప పూనుకొన్నప్పుడు, ఆ దేశపు పార్లమెంటు ఎగువ సభ సభ్యుడొకరు, దిగువ సభ సభ్యుడొకరు వేర్వేరు సందర్భములలో ఆయనను ఒకే ప్రశ్న అడిగిరి. యంత్రములో తప్పు అంకెలు వేసినప్పటికిని సరియైన సమాధానములు వచ్చునా అనునదే ఆ ప్రశ్న. ఇట్టి ప్రశ్న ఏ ఆలోచనలో నుండి పుట్టునో తనకు బోధపడలేదని బాబేజ్ 1864లో ప్రకటించిన తన స్వీయచరిత్రలో చెప్పుకొన్నాడు.

ఆ సభ్యులను తలచుకొని మనము నవ్వవచ్చును. కాని ఆ ప్రశ్ననే కొద్దిగా మార్చి అడిగినచో అది నవ్వదగినది కాదు. తప్పు అంకె తన వద్దకు వచ్చినప్పుడు యంత్రము దానిని గుర్తుపట్టి, “అయ్యా, ఇది సరిగా లేదు, మరల చెప్పండి” అని అనగలదా? అనగలదు. అయితే తనంతట తాను అనదు. ప్రోగ్రాము వ్రాయువారు ఆ మాటను దానికి ముందుగా నేర్పవలెను. కంప్యూటరు విద్యలో తొలి అడుగులు వేయుచున్న మన విద్యార్థులు ఈ నేర్పును ఎట్లు అలవరచుకొనవలెనో వివరించుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

నేను తెలుగు బోధించువాడను. కంప్యూటరు నా వృత్తి కాదు. ఒకనాడు ప్రథమ సంవత్సరపు విద్యార్థి ఒకడు తాను వ్రాసిన మొదటి ప్రోగ్రామును చూడుమని నన్ను ప్రయోగశాలకు పిలిచినాడు. రెండు సబ్జెక్టుల మార్కులు అడిగి వాని మొత్తము చెప్పు చిన్న ప్రోగ్రాము అది. నేను 35 అనియు, 40 అనియు టైపు చేసితిని. తెర మీద 75కు బదులు 3540 అని వచ్చినది. విద్యార్థి సిగ్గుపడి, ఒకటి రెండు మాటలు మార్చి, “ఇప్పుడు చూడండి సార్” అన్నాడు. నేను ఈసారి నా అలవాటు కొద్దీ ముప్పైఐదు అని తెలుగు అక్షరములలో కొట్టితిని. ప్రోగ్రాము చటుక్కున ఆగిపోయి తెర నిండ ఆంగ్ల వాక్యములు పరచుకొన్నవి.

“సార్, మీరు తప్పు టైపు చేసినారు,” అన్నాడు.

“నాయనా, నీ ప్రోగ్రాము మార్కులెన్ని అని అడిగినది గాని, అంకెలలోనే వ్రాయుమని చెప్పలేదు గదా,” అన్నాను.

వాడు కొంతసేపు ఆలోచించి, “అయితే తప్పు నాదే సార్,” అన్నాడు. ఆ ఒక్క మాటతో వానికి సగము విద్య వచ్చినదని నా నమ్మకము.

మూడు గడపలు

మన ప్రాంతములోని పాత దేవిడీలలో లోపలి మనిషిని చేరుటకు ఒక దర్వాజా దాటిన చాలదు. బయటి దర్వాజా వద్ద పహరావాడు వచ్చినదెవరో చూచును. నడుమ నున్నవాడు ఏ పని మీద వచ్చితివని అడుగును. లోపలివాడు ఆ పనికి ఇది తగిన సమయమా కాదా యని విచారించును. అంకె విషయములోనూ ప్రోగ్రాము ఇట్లే మూడు గడపలు ఏర్పరచుకొనవలెను. వచ్చినది సంఖ్యయేనా? సంఖ్యయే అయినచో అది ఉండదగిన హద్దులలో ఉన్నదా? హద్దులలో ఉన్నచో ఇతర విషయములతో పొంతన కుదురుచున్నదా?

తెలుగు, సంస్కృతము చదువుకొన్న విద్యార్థులకు ఇది కొత్త కాదు. వాక్యార్థము బోధపడుటకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అను మూడును కావలెనని మన శాస్త్రకారులు చెప్పినారు. “అగ్నితో తడుపుచున్నాడు” అను వాక్యములో వ్యాకరణ దోషము లేదు. కర్త, క్రియ అన్నియు చక్కగా ఉన్నవి. అయినను అగ్నికి తడుపు యోగ్యత లేదు గనుక ఆ వాక్యము నిలువదు. ఒక మనిషి వయస్సు 450 సంవత్సరములు అని ఎవరైన టైపు చేసినచో అదియు ఇట్టిదే. అంకెలో దోషము లేదు, యోగ్యత లేదు.

మొదటి గడప: ఇది సంఖ్యయేనా?

35కు 40 కలిపిన 3540 ఎట్లయినది? కీబోర్డు మీద మనము కొట్టునది ఏదైనను కంప్యూటరుకు మొదట అక్షరముల వరుసగానే చేరును. పైథాన్ భాషలో ఇన్‌పుట్ అను ఆజ్ఞ ఇచ్చునది ఎల్లప్పుడు వ్రాతయే గాని సంఖ్య కాదు. మూడు, ఐదు అను రెండు గుర్తుల ప్రక్కన నాలుగు, సున్న అను రెండు గుర్తులు చేర్చినచో 3540 అనియే వచ్చును. రాముడు, భీముడు అను రెండు పేర్లను ప్రక్క ప్రక్కన వ్రాసినట్లన్న మాట. ఆ వ్రాతను సంఖ్యగా మార్చుటకు ఇంట్ అను మరియొక ఆజ్ఞ కలదు. పూర్ణసంఖ్య అను అర్థము గల ఆంగ్ల పదమునకు అది సంక్షిప్త రూపము.

ఇంట్ అను ఈ ఆజ్ఞ మొదటి గడప వద్ద నుండు పహరావాడు. సంఖ్యగా మార్చదగిన వ్రాత వచ్చిన మార్చును. కానిచో వాల్యూ ఎర్రర్ అను ఆక్షేపణ తెలుపును. ఆ ఆక్షేపణను ఎవరును అందుకొననిచో ప్రోగ్రాము అక్కడికక్కడే ఆగిపోవును. నా ఎదుట జరిగినది అదియే. దానిని అందుకొనుటకు పైథాన్‌లో ట్రై, ఎక్సెప్ట్ అను జంట పదములు కలవు. “ఈ పని చేసి చూడుము, కుదరనిచో ఆగిపోక ఈ రెండవ పని చేయుము” అనునదే వాని తాత్పర్యము.

ఈ పహరావాని స్వభావము కొంత తెలిసికొనవలెను. 35కు ముందు వెనుకల ఖాళీ స్థలము ఉన్నను అతడు పట్టించుకొనడు. ఏమియు కొట్టక ఎంటర్ మాత్రము నొక్కినచో ఒప్పుకొనడు. 35.5 అని ఇచ్చినచో పూర్ణసంఖ్య కాదని త్రిప్పి పంపును. మన పద్ధతిలో కామాలు పెట్టి 1,25,000 అని వ్రాసినను అంగీకరించడు. కాబట్టి రూపాయల మొత్తము అడుగు ప్రోగ్రాములో కామాలను ముందుగా తొలగించుటయో, కామా లేక వ్రాయుమని స్పష్టముగా చెప్పుటయో ప్రోగ్రాము వ్రాయువారి బాధ్యత. ప్రతి గుర్తును అంకెయా కాదా యని ఈజ్‌డిజిట్ అను ఆజ్ఞతో చూచుట కొందరు విద్యార్థులకు అలవాటు. అది రెండు విధముల చెడును. ముందు ఋణ చిహ్నము గల -5ను అది సంఖ్య కాదనును. వర్గమును తెలుపుటకు పైన చిన్నగా వ్రాయు రెండును అంకెయే అనును, కాని ఇంట్ దానిని మార్చలేదు. మార్చి చూచుటయే నమ్మదగిన పరీక్ష.

సీ భాషతో మొదలుపెట్టిన విద్యార్థులకు మరియొక చిక్కు ఎదురగును. స్కాన్‌ఎఫ్ అను ఆజ్ఞతో సంఖ్యను అడిగినప్పుడు ఎవరైన అక్షరములు కొట్టినచో ఆ ఆజ్ఞ వానిని తీసికొనదు, పారవేయదు, ఉన్నచోటనే వదలివేయును. మరల అడిగినచో ఆ అక్షరములే మరల ఎదురుపడును. ప్రోగ్రాము అంతులేకుండ తిరుగుచుండును. రేషను దుకాణము వద్ద కార్డు సరిగా లేని మనిషిని ప్రక్కకు పంపక “తరువాతి వారు రండి” అని పిలిచినచో, వరుసలో ముందున్న ఆ మనిషే మరల వచ్చి నిలుచును గదా! అందుచేత సీ భాషలో పంక్తి మొత్తమును ముందు వ్రాతగా తీసికొని, పిదప దానిని సంఖ్యగా మార్చుట మంచి పద్ధతి.

సున్న, సిఫర్, ఖాళీ

ఉర్దూ, తెలుగు రెండును వినిపించు మన కళాశాలలో ఈ విషయమునకు ఒక ప్రత్యేక కోణము కలదు. పైథాన్ మూడవ సంచికలో 35 అను సంఖ్యను ౩౫ అని తెలుగు అంకెలతో టైపు చేసినను ఇంట్ దానిని గ్రహించును. ఉర్దూ అంకెలతో టైపు చేసినను గ్రహించును. ఉర్దూ లిపి కుడి నుండి ఎడమకు సాగినను, సంఖ్యలో పెద్ద స్థానపు అంకె ఎడమననే ఉండును గనుక విలువ మారదు. సీ భాషలోని స్కాన్‌ఎఫ్‌కు ఈ సౌజన్యము లేదు.

కాని తెలుగువారిని మోసగించు వల ఒకటి ఇక్కడనే ఉన్నది. మనము సున్న అను పేరుతో రెండింటిని పిలుచుదుము. ఒకటి అంకెలలోని సున్న. రెండవది అక్షరము ప్రక్కన వచ్చు నిండుసున్న, అనగా పూర్ణానుస్వారము. కాగితము మీద రెండును గుండ్రనివే. కంప్యూటరుకు మాత్రము అవి వేర్వేరు గుర్తులు. ౧౦ అని తెలుగులో పది వ్రాయబోయి, ఒకటి ప్రక్కన అంకెల సున్నకు బదులు అనుస్వారము కొట్టినచో కంటికి తేడా తెలియదు. ఇంట్ మాత్రము ఆక్షేపించును. ఉర్దూలో సున్న ఒక చుక్క మాత్రమే గనుక అక్కడ మరియొక చుక్కతో పొరపాటు పడుటకు అవకాశము కలదు. ఇట్టి సందర్భములలో “తప్పు” అని మాత్రమే చెప్పు ప్రోగ్రాము ముందు కూర్చున్న మనిషి, తాను చేసిన తప్పేమిటో ఎంత చూచినను కనుగొనలేడు.

మరియొక సూక్ష్మము కలదు. సున్న అను మాట శూన్యము నుండి వచ్చినది. ఉర్దూలో దానిని సిఫర్ అందురు; అరబీ భాషలో ఆ మాటకు ఖాళీ అని అర్థము. భారతీయుల అంకెల పద్ధతిని తొమ్మిదవ శతాబ్దిలో బాగ్దాదు నగరమున వివరించి వ్రాసిన అల్ ఖ్వారిజ్మీ పేరే లాటిన్ భాషలో మార్పు చెంది నేటి అల్గారిథమ్ అను పదమైనది. ఇట్లు రెండు భాషలలోనూ సున్నకు ఖాళీ అనియే అర్థము. కాని ప్రోగ్రాములో సున్న వేరు, ఖాళీ వేరు. పరీక్ష వ్రాసి సున్న మార్కులు పొందిన విద్యార్థి ఒకరు. పరీక్షకే రాని విద్యార్థి ఒకరు. మార్కులు ఇంకను నమోదు కాని విద్యార్థి ఒకరు. ఈ ముగ్గురి గడిలోను సున్నయే వేయు ప్రోగ్రాము ముగ్గురిలో ఇద్దరికి అన్యాయము చేసినట్లే. ఖాళీగా వదలిన గడిని మౌనముగా సున్నగా మార్చరాదు. గైరుహాజరుకు వేరు గుర్తు ఉండవలెను.

రెండవ గడప: హద్దులు

వచ్చినది సంఖ్యయే అని తేలిన పిదప హద్దులు చూడవలెను. ఈ హద్దులను ప్రోగ్రాము వ్రాయువారు తమ ఊహతో పెట్టరాదు. లోకములోని నియమము నుండి తీసికొనవలెను. మన మనోహరాబాద్ స్టేషను మీదుగా నేడు సిద్దిపేటకు రైలు మార్గము కలదు. సిద్దిపేట వరకు ప్రయాణికుల రైలు 2023 అక్టోబరులో ప్రారంభమైనది. దూర ప్రయాణము కొరకు రిజర్వేషను ఫారము నింపినవారు ఒక ఫారము మీద ఆరుగురికి మించి పేర్లు వ్రాయరాదని ఎరుగుదురు. అట్టి ఫారమును అనుకరించి విద్యార్థి ప్రోగ్రాము వ్రాసినచో ప్రయాణికుల సంఖ్య 1 నుండి 6 వరకు మాత్రమే ఉండవలెను. సున్న పనికిరాదు, -2 పనికిరాదు, 7 పనికిరాదు, రెండున్నర అసలే పనికిరాదు.

హద్దు అన్నిచోట్ల ఒక్కటి కాదు. 2019 నాటి ఇంటర్మీడియేట్ పద్ధతిలో తెలుగు పత్రమునకు 100 మార్కులు, గణితములో ఒక్కొక్క పత్రమునకు 75, భౌతిక శాస్త్రపు పత్రమునకు 60. అనగా 80 అను అంకె తెలుగులో చక్కని మార్కు. భౌతిక శాస్త్రములో అసంభవము. అందరికిని 100 అను ఒకే హద్దు పెట్టిన ప్రోగ్రాము ఈ తేడాను పట్టుకొనలేదు. పైగా ఇట్టి నియమములు కాలక్రమమున మారుచుండును. కాబట్టి ఆ హద్దులను ప్రోగ్రాములో పది చోట్ల వ్రాయక, ఒక్కచోట పేరు పెట్టి ఉంచవలెను. నియమము మారిననాడు ఆ ఒక్కచోట మార్చిన చాలును.

దశాంశములను అనుమతించు ప్రోగ్రాములలో మరియొక మాయ కలదు. ఫ్లోట్ అను ఆజ్ఞ దశాంశ సంఖ్యలను చదువును. దానికి ఆంగ్లములో ఎన్, ఏ, ఎన్ అను మూడు అక్షరములు ఇచ్చినచో ఆక్షేపించక స్వీకరించును. “సంఖ్య కానిది” అను అర్థము గల ప్రత్యేక విలువ అది. దీనిని దేనితో పోల్చినను పెద్దదియు కాదు, చిన్నదియు కాదు. “సున్న కంటె తక్కువైనను, నూరు కంటె ఎక్కువైనను త్రిప్పి పంపుము” అని వ్రాసిన ప్రోగ్రామును ఇది సులభముగా దాటిపోవును. ఏలయన ఆ రెండు షరతులలో ఏదియు దానికి తగులదు. “సున్నకు తక్కువ కాక, నూటికి మించక ఉన్నచో మాత్రమే లోపలికి రానిమ్ము” అని వ్రాసినచో అది ఆగిపోవును. రానివ్వకూడనివారి జాబితా కంటె రానివ్వదగినవారి జాబితా మేలు అను నీతి ఇందులో కలదు.

హద్దులలోనే ఉన్నట్లు కనిపించు సున్న కూడ ఒక్కొక్కసారి ప్రమాదకరము. 1997 సెప్టెంబరులో అమెరికా నౌకాదళమునకు చెందిన యార్క్‌టౌన్ అను యుద్ధనౌకలో సిబ్బంది ఒకరు కంప్యూటరు గడిలో సున్న నమోదు చేసిరి. ప్రోగ్రాము ఆ సున్నతో మరియొక సంఖ్యను భాగింపబోయినది. సున్నతో భాగహారము కుదరదని చిన్న తరగతుల విద్యార్థులకు కూడ తెలియును. ఆ ప్రోగ్రాముకు మాత్రము ఎవరును చెప్పలేదు. కంప్యూటర్లు కుప్పకూలి, అంత పెద్ద నౌక నడి సముద్రమున నడక లేక నిలిచిపోయినది.

చిన్న ప్రోగ్రాము నడక

ఇంతవరకు చెప్పిన రెండు గడపలను ప్రోగ్రాముగా కూర్చినచో దాని నడక ఇట్లుండును. విద్యార్థులు దీనిని తమకు వచ్చిన ఏ భాషలోనైన వ్రాసికొనవచ్చును.

1. “తెలుగు మార్కులు 0 నుండి 100 లోపల పూర్ణసంఖ్యగా టైపు చేయండి. పరీక్షకు రానిచో గై అని టైపు చేయండి” అని అడుగుము.
2. వచ్చిన పంక్తిని వ్రాతగా తీసికొనుము. ముందు వెనుకల ఖాళీలను తొలగించుము.
3. అది గై అయినచో గైరుహాజరు అని నమోదు చేసి ముగించుము.
4. వ్రాతను సంఖ్యగా మార్చి చూడుము. మారనిచో, వచ్చిన వ్రాతను చూపి, “ఇది పూర్ణసంఖ్య కాదు” అని తెలిపి, మొదటి మెట్టుకు వెళ్లుము.
5. సంఖ్య 0కు తక్కువ కాక, 100కు మించక ఉన్నచో దానిని స్వీకరించి ముగించుము.
6. కానిచో, వచ్చిన సంఖ్యను చూపి, హద్దును తెలిపి, మొదటి మెట్టుకు వెళ్లుము.

ప్రోగ్రాము వ్రాయుట పూర్తియైన పిదప తమకు తోచిన ఒకటి రెండు మంచి అంకెలు ఇచ్చి చూచి సంతోషించుట సరికాదు. హద్దుల మీదనే తప్పులు దాగియుండును. 0, 100 స్వీకరింపబడవలెను. -1, 101 త్రిప్పి పంపబడవలెను. 35.5, ఖాళీ పంక్తి, ముప్పైఐదు అను వ్రాత, అనుస్వారము కలిసిన పది, ఒకదాని తరువాత ఒకటి ఇచ్చి చూడవలెను. ఆ తరువాత ప్రోగ్రాము గురించి ఏమియు తెలియని మనిషిని, వీలైనచో ఇంటివద్ద అమ్మనో నాన్ననో, దాని ముందు కూర్చుండబెట్టవలెను. వారు కొట్టునది మీ ఊహకు అందదు. అదియే అసలైన పరీక్ష.

అంకెలతో వ్రాసినదంతయు సంఖ్య కాదు

ఒక హెచ్చరిక ఇచ్చట అవసరము. పిన్‌కోడును ఎవరైన ఎప్పుడైన కూడుదురా? రెండు సెల్‌ఫోను నంబర్ల సగటు కనుగొందురా? ఇవి అంకెలతో వ్రాసిన పేర్లు మాత్రమే. లెక్కించుటకు పనికివచ్చు సంఖ్యలు కావు. 007 అను రోల్ నంబరును సంఖ్యగా మార్చినచో ముందున్న రెండు సున్నలు పోయి 7 మిగులును. కాబట్టి వీనిని వ్రాతగానే ఉంచి, వేరు విధముగా పరీక్షింపవలెను. 1972 ఆగస్టు 15న మన దేశములో ప్రవేశపెట్టిన పిన్‌కోడుకు ఆరు అంకెలుండును. మొదటిది సున్న కాదు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, కర్ణాటకలకు మొదటి అంకె 5. మన మెదక్ ప్రాంతపు కోడులు 502తో మొదలగును.

ఆధార్ నంబరులో ఇంకను చక్కని ఏర్పాటు కలదు. పన్నెండు అంకెలలో చివరిది సొంత అర్థము కలది కాదు. ముందున్న పదకొండు అంకెల నుండి ఒక లెక్క ద్వారా పుట్టిన సాక్షి అంకె. ఆ లెక్కను 1969లో కనిపెట్టినవారు నెదర్లాండ్స్ దేశపు గణితజ్ఞుడు వెర్హూఫ్. ఏ ఒక్క అంకె మారినను, ప్రక్క ప్రక్కనున్న రెండు అంకెలు తారుమారైనను ఆ సాక్షి పట్టి ఇచ్చును. మనుషులు టైపు చేయునప్పుడు ఎక్కువగా చేయు తప్పులు ఈ రెండే.

మూడవ గడప: పొంతన

ఇప్పుడు అన్నింటికంటె కష్టమైన గడపకు వచ్చితిమి. 2019 ఏప్రిల్ 18న తెలంగాణ ఇంటర్మీడియేట్ ఫలితములు వెలువడినవి. తొమ్మిది లక్షలకు పైగా విద్యార్థుల భవిష్యత్తు ఆ అంకెలలో ఉన్నది. ఒక విద్యార్థినికి తెలుగులో సున్న మార్కులు వచ్చినట్లు చూపబడినది. జవాబు పత్రమును మరల పరిశీలింపగా ఆమెకు రావలసినవి 99 మార్కులని తేలినది. పత్రము దిద్దినవారు వలయములు నింపునప్పుడు రెండు తొమ్మిదులకు బదులు రెండు సున్నలు నింపిరి. దానిని సరిచూడవలసినవారును గమనింపలేదు. పరీక్ష వ్రాసినను తమకు గైరుహాజరు పడినదని మరికొందరు విద్యార్థులు వాపోయిరి. ప్రభుత్వము ముగ్గురు సభ్యుల సంఘమును నియమించినది; ఉత్తీర్ణులు కాని విద్యార్థుల జవాబు పత్రములను ఉచితముగా పునఃపరిశీలన చేయించినది; ఆ పరిశీలనలో వెయ్యిమందికి పైగా విద్యార్థులు ఉత్తీర్ణులైరి. ఫలితముల తరువాతి దినములలో విద్యార్థులు ప్రాణములు తీసికొన్న వార్తలు మన రాష్ట్రమును కలచివేసినవి. ఏ మరణమునకు ఏది కారణమో నిర్ణయించుట ఈ వ్యాసకర్త పని కాదు. అంకె వెనుక ఒక బిడ్డ ఉండునని మాత్రము మనము మరువరాదు.

విద్యార్థులు ఇక్కడ కొంచెము ఆగి ఆలోచింపవలెను. 00 అనునది సంఖ్యయా? సంఖ్యయే. మొదటి గడప దాటినది. 0 నుండి 100 లోపల ఉన్నదా? ఉన్నది. రెండవ గడపయు దాటినది. పైన మనము ఎంతో శ్రద్ధతో కూర్చిన ఆరు మెట్ల ప్రోగ్రాము కూడ దీనిని మర్యాదగా లోపలికి రానిచ్చును. దీనిని ఆపగలిగినది మూడవ గడప మాత్రమే. మిగిలిన పత్రములలో మంచి మార్కులు ఉండి ఒక్క పత్రములో సున్న వచ్చినప్పుడు, ప్రోగ్రాము ఆ అంకెను తిరస్కరింపనక్కరలేదు. “ఇది నిజమేనా, మరల చూడండి” అని ఒక మనిషిని పిలిచిన చాలును. సందేహించుట యంత్రమునకు నేర్పవచ్చును. తీర్పు చెప్పుట మాత్రము పత్రమును చేతబట్టుకొన్న మనిషి పనియే.

పిలిచిన మనిషి వినకున్నచో ఏమగునో తెలిపిన కథ కూడ ఒకటి కలదు. 2005 డిసెంబరు 8న జపాను దేశములో మిజుహో సెక్యూరిటీస్ అను సంస్థ ఉద్యోగి, ఒక వాటాను 610,000 యెన్లకు అమ్మబోయి, 610,000 వాటాలను ఒక్కొక్క యెన్‌కు అమ్మునట్లు టైపు చేసెను. ఆ కంపెనీ జారీ చేసిన వాటాల మొత్తమే అందులో ఎన్నవ వంతో! కంప్యూటరు తెర మీద హెచ్చరిక వచ్చినది. కాని దానిని త్రోసిపుచ్చిరి. నష్టము సుమారు 4,000 కోట్ల యెన్లు. చీటికిమాటికి హెచ్చరించు ప్రోగ్రాము మాట ఎవరును వినరు. నాన్నా పులి కథ చదివిన పిల్లలకు ఇది వేరుగా చెప్పనక్కరలేదు. కాబట్టి హెచ్చరికలు తక్కువగా, తగినచోట, కారణముతో కూడ ఉండవలెను.

పొంతన చూచుటకు మన కార్యాలయములలో ఎప్పటినుండియో ఒక పద్ధతి ఉన్నది. బ్యాంకు చెక్కు మీద రూపాయలను అంకెలలోను, అక్షరములలోను రెండు విధముల వ్రాయుదుము. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టము ప్రకారము ఆ రెండును వేరైనచో అక్షరములలో వ్రాసినదే చెల్లును. 99కి బదులు 00 పడుట క్షణములో జరుగు పని. తొంబది తొమ్మిది అని వ్రాయవలసినచోట సున్న అని వ్రాయుట అంత సులభము కాదు. ఆనాడు ప్రయోగశాలలో నేను ముప్పైఐదు అని అక్షరములలో కొట్టినప్పుడు మా విద్యార్థి దానిని తప్పన్నాడు. అంకెకు తోడుగా నిలిచినచో ఆ వ్రాతయే ఒక సాక్షి అగునని ఈ ఉదాహరణ తెలుపుచున్నది. ఒకే మార్కును ఇద్దరు వేర్వేరుగా నమోదు చేసి, రెండును కలిసినప్పుడు మాత్రమే స్వీకరించుట ఇట్టిదే మరియొక పద్ధతి.

మాట తీరు

చివరిగా ప్రోగ్రాము మాట్లాడు తీరును గూర్చి రెండు మాటలు. అంకెను త్రిప్పి పంపుటలో కూడ మర్యాద కలదు. “తప్పు” అని కసరుట ఒక తీరు. “మీరు ఇచ్చినది 1000. తెలుగు మార్కులు 0 నుండి 100 లోపల ఉండవలెను. దయచేసి మరల టైపు చేయండి” అని చెప్పుట మరియొక తీరు. రెండవది చదివినవారికి ఏమి వచ్చినది, ఏమి రావలెను, ఇప్పుడేమి చేయవలెను అను మూడును తెలియును. మన ఊరిలో ఆ యంత్రము ముందు కూర్చుండువారు ఫ్యాక్టరీలో షిఫ్టు ముగించుకొని బిడ్డ ఫీజు కట్టవచ్చిన తండ్రి కావచ్చును. ఆంగ్లము రాక, ఉర్దూ మాత్రమే చదువగలిగిన తల్లి కావచ్చును. వారికి అర్థమగు భాషలో, వారిని చిన్నబుచ్చని మాటలలో చెప్పుట కూడ ప్రోగ్రాము వ్రాయుటలో భాగమే.

విద్యార్థులారా! మీలో కొందరు రేపు కార్యాలయములలో, బ్యాంకులలో, ఆసుపత్రులలో వాడుకొను ప్రోగ్రాములు వ్రాయుదురు. మీకు ఎదురుగా కూర్చుండువారు పొరపాటు చేయుదురు. మనుషులు గనుక తప్పక చేయుదురు. వారి పొరపాటు వారికి శిక్షగా మారక మునుపే గడప వద్ద దానిని ఆపి, మెల్లగా అడిగి, సరిదిద్దుకొను అవకాశము ఇచ్చుట మీ చేతిలోని పని. ఆనాటి మా విద్యార్థి ఇప్పుడు తన ప్రోగ్రామును మార్చి వ్రాసినాడు. నేను మరల వెళ్లి ముప్పైఐదు అని కొట్టగా, అది ఆగిపోలేదు. “దయచేసి అంకెలలో టైపు చేయండి, ఉదాహరణకు 35” అని తెలుగులోను, ఉర్దూలోను అడిగినది. నేను 35 అని కొట్టితిని.